ఫోన్‌లో వైద్యం – మన బాధ్యత

చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో జ్వరమొస్తే భద్రాచలం ఆసుపత్రి ఎంత దూరమో మనకు తెలుసు. ఫోన్‌లోనే డాక్టరుగారు మందు చెబితే బాగుండునని అందరం అనుకుంటాం. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇందుకు వీలు కల్పించాయి. ఈ-సంజీవని ద్వారా ఒక డాక్టరు మరో డాక్టరు సలహా కూడా తీసుకోవచ్చు.

అయినా డాక్టర్లు వెనుకాడటానికి కారణాలున్నాయి. ఎదురుగా చూసినా, ఫోన్‌లో చూసినా బాధ్యత ఒక్కటే. సిగ్నల్ తెగితే మాట సగంలో ఆగిపోతుంది. కోయలో చెప్పిన బాధ అర్థం కాకపోవచ్చు. రక్తపరీక్ష లేనిదే మలేరియా తేలదు.

కాబట్టి మిత్రులారా! సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మన పెద్దల మాటను డాక్టరుకు తెలుగులో వివరిద్దాం. జ్వరం ఎన్నాళ్ళుగా ఉందో, ఏ మాత్రలు వేశారో రాసి ఉంచుదాం. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా ఫోన్ సలహాకు ఆగకుండా 108ని పిలుద్దాం.