దొమ్మరోగము - దాని విషము చేయు మోసము

గొడ్డు గోదయు, గొఱ్ఱెలమందయు గల రైతులకు దొమ్మరోగము పేరు క్రొత్త గాదు. సాయంకాలము వఱకు చక్కగా మేసిన యెద్దు తెల్లవాఱునప్పటికి కొట్టములో చచ్చి పడియుండును. పొట్ట యుబ్బును. ముక్కునుండియు గుదమునుండియు నల్లని నెత్తురు కాఱును. ఆ నెత్తురు గడ్డకట్టదు. పాము కఱచెననియో, లేతజొన్న మేసెననియో తలచి, చర్మమునైన అమ్ముకొని కొంత నష్టము తీర్చుకొందమని రైతు కళేబరమును కోయించును. ఆ కోతయే తక్కిన పశువులకు మృత్యువును కొనితెచ్చును. ఎందువలన నట్లగునో తెలిసికొనుట మనకెంతయు అవసరము.

ఈ రోగమునకు కారణమగు కడ్డీవంటి సూక్ష్మజీవి చరిత్రను జర్మనీ దేశస్థుడగు రాబర్ట్ కోఖ్ 1876లో వెల్లడించెను. బయటి గాలి తగిలినపుడు ఈ క్రిమి గట్టి పెంకు గల సిద్ధబీజముగా మాఱి నేలలో ఏండ్లతరబడి నిలిచియుండును. మేతతో పశువు కడుపున బడగానే మరల మేల్కొని రక్తమున వృద్ధిపొందును.

అయితే పశువును చంపునది క్రిముల సంఖ్య మాత్రమే కాదు. క్రిములను తొలగించిన పిదపను రోగి జంతువు రక్తరసమున ప్రాణాంతకమగు విషము మిగిలియుండునని ఇంగ్లండులో హ్యారీ స్మిత్, జేమ్స్ కెప్పీ అను శాస్త్రజ్ఞులు 1954లో కనుగొనిరి. ఈ విషము మూడు మాంసకృత్తుల కూటమి. మొదటిది ద్వారము తెఱచునది. అది జీవకణముపై నంటుకొని, ఏడేసి యొకటిగా గూడి వలయమై, తక్కిన రెంటిని కణములోనికి చేర్చును.

రెండవ దాని పని యెట్టిదో కాలువ పోలికతో చెప్పవచ్చును. పైయధికారి చీటి వచ్చిననే లస్కరు తూము తెఱచును. అట్లే బయటినుండి వర్తమానము వచ్చినపుడే జీవకణము సైక్లిక్ ఏ.ఎం.పి. అను చీటివంటి పదార్థమును మితముగా తయారుచేయును. ఈ విషభాగము కణములో దూరి, ఏ యుత్తరువును లేకయే అవే చీట్లను కుప్పలుగా సృష్టించును. తూములన్నియు తెఱచినట్లు కణజాలమున నీరు చేరి గొంతు, ఱొమ్ము వాచును. క్రిములను మ్రింగవలసిన తెల్లకణములును తమ పనిని మఱచును.

మూడవది చీట్లు మోయు బంట్రోతులనే నఱుకును. కణములోపల వర్తమానములను చేరవేయు మాంసకృత్తులను అది ఖండించునని 1998లో తేలినది. రక్షణకై పిలుపు సాగదు. గుండెయు రక్తనాళములును చెడును.

కావున పెన్సిలిన్ క్రిములను చంపునే గాని, కణములలో నదివఱకే చేరిన విషమును విఱువజాలదు. ఆలస్యమైన వైద్యము తఱచు వ్యర్థమగుట కిదియే హేతువు. మందలో నొక పశువు చచ్చినచో, తక్కినవానికి జ్వరము చూపించి, జ్వరమున్నదానికి వెంటనే పశువైద్యునిచే మందిప్పింపవలెను.

అంతకన్న మేలైనది టీకా. 1930 తరువాతి దశాబ్దమున దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ సిద్ధపఱచిన టీకాయే నేటికిని పెక్కు దేశములలో వాడుకలో నున్నది. అందలి బలహీనక్రిమి, ద్వారము తెఱచు మాంసకృత్తును పశువు శరీరమునకు ముందుగా పరిచయము చేయును. పిమ్మట నిజమైన విషము వచ్చినను ద్వారము తెఱువబడదు. రోగము తలచూపు గ్రామములలో ఏటేట వానలకు నెలదినములు ముందుగా వేయింపవలెను. ఇది సజీవమైన టీకా గనుక ఆ దినములలో పెన్సిలిన్ వంటి మందు లిప్పింపరాదు.

ఇక కళేబరము మాట. కోయనిచో లోపలి క్రిములు కుళ్ళుటతో చాలవఱకు నశించును. కోసినచో గాలి తగిలి సిద్ధబీజములగును. 1942లో స్కాట్లండు దగ్గఱి గ్రూయినార్డ్ దీవిలో యుద్ధపరిశోధనకై ఈ క్రిమిని విడిచిరి. ఆ దీవిని శుద్ధిచేసి, భయము లేదని ప్రకటించుటకు 1990 వఱకు పట్టినది. మన పొలమును మనమే అట్టి దీవిగా చేసికొనదగునా?

రోగనిర్ణయమునకు కోత యక్కఱలేదు. చెవినరమునుండి తీసిన నెత్తుటిచుక్క చాలును. ఆ పనియు పశువైద్యుడే చేయవలెను. కళేబరమును దహించుట శ్రేష్ఠము. వీలుకానిచో నీటివనరులకు దూరముగ ఆఱడుగుల లోతున పాతిపెట్టవలెను. మాంసము తినరాదు. విశాఖ మన్యమున అట్టి మాంసమును కోసిన, తినిన వారికి ఈ రోగము సోకుట ఈ శతాబ్దమున పలుమాఱు జరిగినది. చేతిపై నొప్పిలేని నల్లని పుండు కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఒక్కని కొట్టమున జరిగిన కోత ఊరిబీడునంతయు చెఱచును. కావున చర్మపు వెలకు ఆశపడక, చావు వార్తను దాచక, సభ్యులందఱు ఒకేసారి టీకా వేయించుటకు సంఘమూలమున ఏర్పాటు చేసికొందురుగాక.