కొత్త జావా వస్తే పాత జావా రేటెందుకు పెరిగింది?

రీమేక్ అనగానే మనకి సినిమాలే గుర్తొస్తాయి గానీ బళ్ళకీ రీమేకులుంటాయి. 2018లో నాలుగు నెలల తేడాలో రెండు సంగతులు జరిగాయి. జూలై 12న 'ఆర్‌ఎక్స్ 100' సినిమా విడుదలైంది. తీసిన అజయ్ భూపతిది మన ఆత్రేయపురమే. నవంబరు 15న మహీంద్రా వాటా ఉన్న క్లాసిక్ లెజెండ్స్ సంస్థ, 1996లో ఆగిపోయిన జావాని మళ్ళీ మార్కెట్లోకి దింపింది. ఒకటి పాత బండి పేరు పెట్టుకున్న సినిమా, ఇంకోటి పాత పేరు పెట్టుకున్న కొత్త బండి. పశువుల పాకల్లో, కొబ్బరి డొక్కల పక్కన ఏళ్ళ తరబడి పడున్న బళ్ళని వెతుక్కుంటూ బేరగాళ్ళు రావడం ఆ తర్వాత బాగా ఎక్కువైంది.

ఇక్కడే ఒక అనుమానం రావాలి. కొత్త సరుకు వస్తే పాతదాని రేటు తగ్గాలి కదా?

తగ్గిన ఉదాహరణ ఒకటుంది, అమెరికాలో. పిన్‌బాల్ అని ఒక ఆట. అద్దం కింద ఏటవాలు బల్ల మీద ఉక్కు గోళీ దొర్లుతుంటుంది, అది కింద పడకుండా రెండు రెక్కలతో కొడుతుండాలి. విలియమ్స్ కంపెనీ 1997లో 'మెడీవల్ మ్యాడ్‌నెస్' అనే మెషీన్ తెచ్చింది. చేసింది సుమారు 4 వేలు. 1999లో ఆ కంపెనీ పిన్‌బాల్ తయారీయే మానేసింది. దాంతో పాత మెషీన్ల రేటు 10 వేల డాలర్లు దాటింది. 2015లో షికాగో గేమింగ్ అనే సంస్థ అదే ఆటని మళ్ళీ చేసింది. అదే బొమ్మ, అదే కోట, అవే రూల్సు. లోపల ఎలక్ట్రానిక్స్ మాత్రం కొత్తవి. రేటు 8 వేల డాలర్ల దాకా. ఆడుకోవాలనుకున్న వాళ్ళు కొత్తది కొనుక్కున్నారు. పాతదానికి మిగిలింది 'నాకు 1997దే కావాలి' అనేవాళ్ళు. పాతదాని రేటు కాస్త మెత్తబడింది. కోవిడ్ టైములో అందరూ ఇళ్ళల్లో కూర్చున్నాక మళ్ళీ లేచిందనుకోండి, అది వేరే సంగతి.

అంటే పాత వస్తువు కొనేవాళ్ళు రెండు రకాలు. వాడుకోడానికి కొనేవాళ్ళు, దాచుకోడానికి కొనేవాళ్ళు. రీమేక్ మొదటివాళ్ళని తీసుకుపోతేనే పాతదాని రేటు దిగుతుంది.

జావా ఎవరినీ తీసుకుపోలేదు. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961 నుంచి చేసిన బండి టూ స్ట్రోక్, 249 సీసీ. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. కిక్ రాడ్డే మడిస్తే గేర్ రాడ్డు. కొత్తది ఫోర్ స్ట్రోక్, 293 సీసీ, లిక్విడ్ కూలింగ్. పాతదాని గుర్తుగా సిలెండరు ఒక్కటే అయినా సైలెన్సర్లు రెండు పెట్టారు. చూడ్డానికి చుట్టాలే. కానీ దీని పిస్టన్ దానికి పట్టదు, దాని శబ్దం దీనికి రాదు. పాతది కావాలనుకున్నవాడి కోరిక కొత్తదానితో తీరదు. పైగా షోరూముల్లో, పేపర్లలో, ఫోన్లలో ఎక్కడ చూసినా జావా పేరే. ఆ ప్రచారం ఖర్చు కొత్త కంపెనీది, లాభంలో వాటా పాకలో ఉన్న బండిది! దానికి తోడు 2018లో కొత్త జావా ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 1,64,000 రూపాయలు. "డూప్లికేటే అంతుంటే అసలుదానికి ఎంతుండాలండీ?" అని అడిగే ధైర్యం అమ్మేవాడికి ఆ అంకె వల్లే వచ్చింది.

ఆర్‌ఎక్స్ 100 కథ ఇంకా చిత్రం. దానికసలు రీమేకే రాలేదు. 98 సీసీ, 11 హార్స్‌పవరు, బరువు వంద కిలోల చిల్లర. ఆ దూకుడంతా టూ స్ట్రోక్‌దే. క్రాంకు ప్రతి చుట్టుకీ ఒక పవర్ స్ట్రోక్ వస్తుంది. కానీ లోపలికొచ్చిన కొత్త పెట్రోలు ఆవిరిలో కొంత మండకుండానే ఎగ్జాస్టులోంచి పోతుంది, ఆయిల్ కూడా కాలుతుంది. 2020 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 నిబంధనల్లో అలాంటి ఇంజిను గట్టెక్కడం దాదాపు అసాధ్యం. ఫోర్ స్ట్రోక్‌లో ఆ పికప్పు రావాలంటే సీసీ రెట్టింపు కావాలి, అప్పుడు బరువు పెరుగుతుంది. 1985 నుంచి 1996 దాకా వచ్చినవే బళ్ళు. తుప్పుకి పోయేవి పోగా మిగిలినవే సరుకు. మన అంతర్వేది వైపు ఉప్పుగాలికి ట్యాంకులు, రిమ్ములు ఎంత త్వరగా పోతాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

బండి రీమేక్ కాలేదు గానీ దాని పార్టులన్నీ అవుతున్నాయి. ట్యాంకు, సైడ్ ప్యానెళ్ళు, మీటరు, సైలెన్సరు, పిస్టన్ కిట్టు అన్నీ బయటి కంపెనీల డూప్లికేట్లు దొరుకుతాయి. అవి లేకపోతే సగం బళ్ళు రోడ్డు మీదుండవు, కాబట్టి తిట్టడానికి లేదు. చిక్కు ఎక్కడంటే, ఆర్‌ఎక్స్ 135 ఇంజిను తెచ్చి 100 చాసిస్‌లో కూర్చోబెట్టి, కొత్త ట్యాంకు, స్టిక్కర్లు వేసి 'ఒరిజినల్ పీస్' అంటారు. అందుకే చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఆర్సీతో కలిసే బండికి వేరే రేటు. జపాన్ నుంచి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించిన మొదటి బళ్ళకి ఇంకా వేరే. మెరుపు చూసి కొనే మన కుర్రాళ్ళే ఇక్కడ దొరికిపోతున్నారు. పెయింటు ఎంత కొత్తగా ఉంటే నంబరు అంత జాగ్రత్తగా చూడాలి.

2021లో కేంద్రం వింటేజ్ రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. రిజిస్ట్రేషన్ 20 వేలు. రోజువారీ తిరగడానికి మాత్రం వాడకూడదు. మొదటి తరం జావాలకి ఆ వయసు వచ్చేసింది. ఆర్‌ఎక్స్ 100కి 2035లో మొదలవుతుంది. అప్పటిదాకా మామూలు దారే: 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్.

మన రాజోలు, అమలాపురం ఇళ్ళల్లో ఇంకో సమస్య ఉంది. బండి వసారాలో ఉంటుంది, ఆర్సీలో పేరున్న నాన్నో బాబాయో గల్ఫ్‌లో ఉంటారు. బేరగాడు డబ్బు చేతిలో పెట్టి, "కాగితాలు తర్వాత చూసుకుందామండి" అని బండి పట్టుకుపోతాడు. అది ఎక్కడ గుద్దినా పోలీసు కాయితం ఆర్సీలో ఉన్న పేరుకే వస్తుంది. ఎంత రేటు చెప్పినా సరే, యజమాని సంతకంతో ఫారం 29, ఫారం 30 ఆర్టీఓ ఆఫీసుకి చేరాకే తాళం ఇవ్వండి.