పుణ్యకార్యమునకును లెక్క గలదు

హైదరాబాదు పాతనగరమందలి మాదన్నపేటకు ఆ పేరు గోలకొండ మంత్రి మాదన్న వలన వచ్చెనని ప్రతీతి. 1672 మొదలు 1687 వరకు ఏలిన తానీషా కొలువున అక్కన్న మాదన్నలు రాజ్యభారము వహించిరి. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి భద్రాద్రి రామునికి ఆలయము కట్టించిన కంచెర్ల గోపన్న వారికి మేనల్లుడని సంప్రదాయము. సర్కారు సొమ్మును గుడికి వెచ్చించెనను నేరమునకు ఆయన 12 ఏండ్లు గోలకొండ కోటలో చెరయుండెనందురు. మేనమామలు మంత్రులై యుండియు చెర తప్పలేదు.

రామదాసు కీర్తనలు విన్నప్పుడు మన కన్నులు చెమ్మగిల్లును. ఏలినవాడు కఠినుడని తోచును. కాని ఆ సొమ్మెవరిది? రైతు కట్టిన శిస్తు. గోపన్న భక్తికి కళంకము లేదు. లెక్క మాత్రము నిలిచిపోయినది. రాముడే వచ్చి ఆ బాకీ తీర్చెనని జనులు కథ చెప్పుకొనిరి. ఆ కథలోని న్యాయము గమనింపదగినది. దేవుడు సయితము బాకీని రద్దుచేయలేదు. పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనెను.

ఆలయపు సొమ్ము లెక్క బైబిలు పూర్వనిబంధనలోను వచ్చును. యెరూషలేము మందిరమును బాగుచేయుటకు యోవాషు రాజు కానుకల ద్రవ్యమును యాజకుల కప్పగించెను. ఆయన యేలుబడిలో 23వ యేడు వచ్చినను బీటలు పూడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము చెంత నుంచెను. పెట్టెలో ద్రవ్యము చేరినప్పుడు రాజు లేఖకుడును, ప్రధానయాజకుడును కలసి లెక్కించిరి. ఒక్కని చేతిలో లెక్క యుండరాదనుటయే అందలి కిటుకు.

యూదా దేశాధికారియైన నెహెమ్యా ప్రజల భారమును చూచి, అధికారికి రావలసిన భోజనపు బత్తెమును 12 ఏండ్లు ముట్టలేదు. తల నెరసిన సమూయేలు, క్రొత్త రాజు ఎదుటనే జనులను పిలిచి, తా నెవని ఎద్దునైన తీసికొంటినా, ఎవని యొద్దనైన లంచము పుచ్చుకొంటినా యని యడిగెను. లేదని వారు సాక్ష్యమిచ్చిరి. ఎవరును అడుగకమున్నే ఆయన లెక్కకు నిలిచెను.

పాఠశాలలో విహారయాత్రకు చందా పోగుచేయు విద్యార్థినాయకునికిని ఇదే పాఠము. ఇద్దరు కూర్చుండి లెక్కించి, జమాఖర్చు కాగితము గోడకు అంటించినచో చాలును. మంచిపని చేసితినను మాట లెక్కకు బదులు కాదు. లెక్క చూపుట మంచివానికి అవమానమును కాదు.