శవం ఎందుకు కొయ్యబారుతుంది?

మొన్న తొమ్మిదో తరగతిలో కండరాల పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చున్న అబ్బాయి లేచి, "సార్, మా అవ్వ చనిపోయినప్పుడు గడ్డం కింద గుడ్డ పెట్టి తలకు కట్టినారు. రెండు కాళ్ల బొటనవేళ్లూ కలిపి కట్టినారు. ఎందుకు సార్?" అని అడిగాడు. కొందరు నవ్వారు. నిజానికి అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఆ అబ్బాయి ఒక మంచి శాస్త్ర విషయాన్ని కళ్లారా చూసి వచ్చాడు.

మా ఐరాల పల్లెల్లోనే కాదు, తెలుగువాళ్లు చాలాచోట్ల ఈ పని చేస్తారు. ప్రాణం పోయిన కాసేపటికే చేస్తారు. ఎందుకంటే ఆలస్యమైతే ఇక కుదరదు. తెరిచిన నోరు తెరిచినట్టే, మడిచిన కాలు మడిచినట్టే ఉండిపోతుంది. "కొయ్యబారిపోయింది", "నీలుక్కుపోయింది" అంటాం కదా, అదే ఇది. వైద్యులు దీన్ని లాటిన్ మాటతో రిగర్ మార్టిస్ అంటారు. మనం మరణ కాఠిన్యం అనుకోవచ్చు. మనిషి చనిపోయి ఎంతసేపైందో వైద్యులు అంచనా వేసే గుర్తుల్లో ఇదొకటి. ఆ అంచనా మీద ఒక్కోసారి మరో మనిషి బతుకు ఆధారపడుతుంది.

ఇంట్లో కోడిని కోసినప్పుడు మీరూ దీన్ని గమనించి ఉంటారు. కోసిన వెంటనే కాలు ఎటు వంచితే అటు వంగుతుంది. కాసేపు ఊరకే పెడితే బిగుస్తుంది. మనిషిలోనూ అంతే. ప్రాణం పోగానే ఒళ్లంతా వదులవుతుంది, దవడ జారుతుంది. బిగువు ఆ తరువాత వస్తుంది. చిత్రం కాదూ! బతికి ఉన్నప్పుడు కండరం బిగియాలంటే శక్తి కావాలి. మరి శక్తి పుట్టించే యంత్రమే ఆగిపోయాక ఈ బిగువు ఎక్కడినుంచి వచ్చింది?

చేదబావి దగ్గర నిలబడి బొక్కెనతో నీళ్లు తోడడం గుర్తు తెచ్చుకోండి. కుడిచేత్తో తాడు పట్టి లాగుతారు. ఆ చేయి పట్టు వదిలి, ఇంకాస్త ముందుకు చాచి మళ్లీ పట్టుకుంటేనే తాడు ఇంకా పైకి వస్తుంది. పట్టు, లాగు, వదులు. మన కండరంలోనూ ఇదే పని జరుగుతుంది. అందులో ఏక్టిన్ అనే సన్నని పోగులు, మయోసిన్ అనే లావు పోగులు పక్కపక్కనే ఉంటాయి. మయోసిన్ పోగులకు బుడిపెల వంటి చిన్న చేతులుంటాయి. అవి ఏక్టిన్‌ను పట్టి లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పడతాయి. కండరం ముడుచుకోవడమంటే ఇదే.

ఇందులో కిటుకు ఒకటుంది. పట్టు వదలడానికి ఎ.టి.పి. అనే పదార్థం కావాలి. దాని పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దాని అణువు ఒకటి వచ్చి తగిలితే తప్ప మయోసిన్ చేయి ఊడిరాదు. ప్రాణం పోయాక ఊపిరి లేదు, రక్తప్రసరణ లేదు. కండరంలో మిగిలిన ఎ.టి.పి. ఖర్చవుతూ పోతుంది, కొత్తది తయారు కాదు. మరోపక్క కణాల్లో విడిగా దాచి ఉంచిన కాల్షియం కారి బయటపడుతుంది. 'పట్టుకోండి' అని చేతులకు హుకుం ఇచ్చేది ఆ కాల్షియమే. పట్టుకోవడం జరుగుతుంది, వదలడం జరగదు. తాడు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే బిగుసుకుపోయాయన్నమాట. బొక్కెన పైకీ రాదు, కిందికీ పోదు.

ఈ ఎ.టి.పి.ని కనుక్కున్నవారిలో మన తెలుగువాడు ఉన్నాడని మీలో ఎందరికి తెలుసు? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పనిచేశారు. 1927లో ఆ ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని ప్రకటించారు. ఖర్చయిన ఎ.టి.పి.ని చిటికెలో తిరిగి నింపే నిల్వ సరుకు అది. 1929లో ఎ.టి.పి.నే వేరుచేసి చూపారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. అప్పటిదాకా కండరం పనిచేసేది లాక్టిక్ ఆమ్లం వల్లనని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు నమ్మేవారు. కండరాల మీద పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి పొందిన వారి లెక్కలు కూడా ఈ కొత్త పదార్థాలు వచ్చాక తిరగరాయవలసి వచ్చింది. తరువాత 1940 దశకంలో హంగరీలో సెంట్-జార్జి ప్రయోగశాల వారు కండరంలో ఎ.టి.పి. తగ్గేకొద్దీ శవకాఠిన్యం పెరుగుతుందని చూపించారు. మన పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావుగారికి ఇంకాస్త చోటివ్వవచ్చునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. ఈ బిగువు మొదట కనురెప్పల్లో, దవడలో కనబడుతుంది. ఆపైన మెడ, చేతులు, నడుము, చివరికి కాళ్లు. ఈ వరుసను 1811లో నిస్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. నిజానికి అన్ని కండరాల్లోనూ మార్పు దాదాపు ఒకేసారి మొదలవుతుంది. చిన్న కండరాల్లో అది ముందుగా తెలుస్తుంది, అంతే. మన వంటి వేడి దేశాల్లో చనిపోయిన ఒకటి రెండు గంటలకు మొదలై, 12 గంటలకల్లా ఒళ్లంతా వ్యాపిస్తుంది. మరో 12 గంటలు అలాగే ఉంటుంది. ఇంకో 12 గంటల్లో విడిపోతుంది. ఎండాకాలంలో ఇంకా త్వరగా ముగియవచ్చు. విడిపోవడం ఎ.టి.పి. తిరిగి రావడం వల్ల కాదు. కణాల్లోని ఎంజైములు ఆ పోగులనే తెంచేస్తాయి. విడిపోయేదీ పైనుంచి కిందికే.

ఇప్పుడొక లెక్క చేయండి. ఒక పల్లెలో ఉదయం 8 గంటలకు చెరకు తోటలో ఒక మనిషి శవం కనబడిందనుకుందాం. దవడ, మెడ, మోచేతులు బిగిసి ఉన్నాయి. కాళ్లు వదులుగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం 4 గంటలకు అతనితో గొడవపడిన వాడొకడున్నాడు. వాడు 5 గంటల బస్సుకే చెన్నైకి వెళ్లిపోయాడు. ఊరంతా వాణ్ణే అనుమానిస్తున్నది. మీరేమంటారు?

దవడ బిగిసి కాళ్లు వదులుగా ఉన్నాయంటే బిగువు ఇంకా దిగుతున్నదని అర్థం. దవడ వదులై కాళ్లు బిగిసి ఉంటే, వచ్చిన బిగువు వెళ్లిపోతున్నదని అర్థం. ఇక్కడ దిగుతున్నది. కాబట్టి 12 గంటలు నిండి ఉండకపోవచ్చు. మరణం రాత్రి 8 తరువాత జరిగి ఉండాలి. చెన్నై బస్సెక్కిన వాడు అప్పటికి ఊళ్లో లేడు. తొందరపడి వాణ్ణి కొట్టి ఉంటే?

అయితే ఈ లెక్కను గడియారంలా నమ్మకూడదు. పరుగెత్తి అలసిపోయో, పెనుగులాడో చనిపోయిన వారిలో ఎ.టి.పి. ముందే కరిగిపోయి ఉంటుంది. బిగువు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. ముషిణి గింజల విషంతో మూర్ఛలు వచ్చి చనిపోయినా అంతే. చలి దాన్ని ఆలస్యం చేస్తుంది. పసిపిల్లల్లో, బక్కచిక్కిన ముసలివాళ్లలో బిగువు సరిగ్గా తెలియనే తెలియదు. పూర్తిగా బిగిసిన చేతిని ఎవరైనా బలవంతాన చాపితే అది తిరిగి బిగియదు. పోలీసులు రాకముందే మనవాళ్లు జాలికొద్దీ శవాన్ని ఎత్తి, చేతులు సర్ది, కాళ్లు చాపుతారు. అప్పుడు డాక్టరు చూసేది మరణం మిగిల్చిన గుర్తును కాదు, మనం చెరిపేసిన గుర్తును. ఒంటి వేడి తగ్గడాన్ని బట్టి లెక్కవేద్దామా అంటే, మే నెల ఎండలో శవం చల్లబడనే చల్లబడకపోవచ్చు.

అరుదుగా ఇంకో వింత కూడా ఉంది. చివరి క్షణంలో బిగించిన పిడికిలి వదులు కాకుండా అలాగే కొయ్యబారుతుంది. బావిలో తేలిన శవం గుప్పిట్లో నాచు గట్టిగా ఇరుక్కుని ఉంటే, ఆ మనిషి నీళ్లలో పడేటప్పటికి బతికే ఉన్నాడని వైద్యులు గ్రహిస్తారు.

వేళ అంచనాను అతిగా నమ్మితే ఏమవుతుందో కెనడాలో జరిగింది. 1959 జూన్‌లో అక్కడి క్లింటన్ అనే ఊరి దగ్గర ఒక బాలిక హత్యకు గురైంది. రెండు రోజుల తరువాత శవం దొరికింది. పరీక్షించిన డాక్టరు ముఖ్యంగా కడుపులోని ఆహారాన్ని బట్టి, బిగువు ఏ మేరకు మిగిలిందో కూడా చూసి, మరణం ఫలానా సాయంత్రం అరగంట, ముప్పావుగంట వ్యవధిలోనే జరిగిందని చెప్పాడు. ఆ వేళకు ఆమెతో కనబడినవాడు స్టీవెన్ ట్రస్కాట్. వాడి వయసు 14 ఏళ్లు, అంటే మీ ఈడువాడు. కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. తరువాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. పదేళ్ల జైలు తరువాత 1969లో పెరోల్ మీద బయటికి వచ్చాడు. రెండు రోజుల నాటి శవాన్ని చూసి అంత ఇరుకైన వేళ చెప్పడానికి శాస్త్రం ఒప్పుకోదని ఆ తరువాత నిపుణులు వాదించారు. 2007 ఆగస్టు 28న ఒంటారియో అప్పీలు కోర్టు ఆ పాత తీర్పును కొట్టివేసి ఆయన్ని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు.