ఆ ప్రింట్ ఎవరిచ్చారు?



యూనిట్ టెస్ట్‌కు ముందురోజే ప్రశ్నపత్రం కాపీ ఒకటి పిల్లల చేతుల్లో కనబడిందనుకోండి. అనుమానం ముందుగా ఎవరి మీదికి పోతుంది? ప్రింటర్ పక్కన ఉండే అటెండర్ మీదికో, ఆరోజు ల్యాబ్‌లో కూర్చున్న విద్యార్థి మీదికో. ఆఫీసు, స్టాఫ్ రూమ్, ల్యాబ్ అన్నీ ఒకే ప్రింటర్‌ను వాడుకునే చోట ప్రింట్ ఎవరిచ్చారో ఊహతో కాదు, ఆధారంతో తేల్చాలి.

రికార్డు ఎక్కడ ఉంటుంది?

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతులకు ఈ పద్ధతి కొత్త కాదు. లాట్ నంబరు ముందే పడితేనే ఏ టిక్కీలు ఎవరివో తర్వాత తేలుతుంది. ప్రింట్ విషయమూ అంతే. కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్ ద్వారా ప్రింట్ ఇస్తే, ఏ లాగిన్‌తో, ఏ కంప్యూటర్ నుంచి, ఏ సమయానికి, ఎన్ని పేజీలు వెళ్లాయో అక్కడ నమోదవుతుంది. విండోస్‌లో పూర్తయిన ప్రతి ప్రింట్ 307 నంబరు ఎంట్రీగా కనబడుతుంది. అయితే ఈ నమోదు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి. పేపర్ బయటికి పోయాక ఆన్ చేస్తే పాత వివరాలు రావు.

లాగిన్ వేరు, మనిషి వేరు

రికార్డు చెప్పేది లాగిన్ పేరు. ల్యాబ్‌లో అందరూ 'స్టూడెంట్' అనే ఒకే లాగిన్ వాడితే, ఆ పేరు ఎవరినీ పట్టి ఇవ్వదు. టీచర్ లాగవుట్ చేయకుండా క్లాసుకు వెళితే, ఇంకెవరో ఇచ్చిన ప్రింట్ కూడా ఆ టీచర్ పేరునే పడుతుంది.

2017లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ రహస్య నివేదిక ఒకటి ఒక వార్తాసంస్థకు చేరింది. దాన్ని ప్రింట్ తీసినవారెవరని చూస్తే ఆరుగురు తేలారు. వారిలో రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగి ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ వార్తాసంస్థతో ఈమెయిల్ సంబంధం ఉన్నట్టు కనబడ్డాకే దర్యాప్తు ఆమె వైపు తిరిగింది. ప్రింట్ రికార్డు ఒక్కటే చాలనుకుంటే మిగతా ఐదుగురూ నిందితులే అయ్యేవారు.

రికార్డుకు అందనివి

ఫోన్‌తో తీసిన ఫొటో ప్రింట్ సర్వర్‌కు తెలియదు. జిరాక్స్ కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పదో తరగతి ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట కాగితం మీదే గుర్తు ఉండాలి. 2025లో తెలంగాణ పదో తరగతి ప్రశ్నపత్రాలపై క్యూఆర్ కోడ్, సీరియల్ నంబరు ముద్రించింది ఇందుకే.

మనం చేయగలిగినవి

పాఠశాలలో ఎవరి లాగిన్ వారికి ఉండాలి. ప్రశ్నపత్రాలకు పిన్ ప్రింట్ మేలు. పంపినవారు ప్రింటర్ దగ్గరికి వచ్చి పిన్ నొక్కితేనే కాగితం బయటికి వస్తుంది.

ఇంట్లో మీరు పిల్లలకు రెండు సంగతులు చెప్పండి. పాస్‌వర్డ్ స్నేహితుడికైనా ఇవ్వకూడదు. కంప్యూటర్ ముందు నుంచి లేచేటప్పుడు లాగవుట్ చేయాలి. నెట్ సెంటర్‌లో ఆధార్, మార్కుల మెమోలు ప్రింట్ తీయిస్తే, ఆ ఫైల్ డిలీట్ చేయించి, మెయిల్, వాట్సాప్ మూసి రండి.

ఎప్పుడైనా మీ బాబు మీదో, పాప మీదో ఇలాంటి అనుమానం వస్తే, ప్రిన్సిపాల్‌ను మూడు ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి. ప్రింట్ ఏ లాగిన్ నుంచి వెళ్లింది? ఆ లాగిన్ ఇంకెవరు వాడతారు? ఆ సమయానికి మా పిల్లలు ఏ క్లాసులో ఉన్నట్టు హాజరు రిజిస్టర్‌లో ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికాకే ఎవరి పేరైనా ఎత్తడం న్యాయం.