హర్ష మైకు ఎందుకు లాక్కున్నట్టు?

సినిమాలో హీరోని మారిస్తే "డేట్లు కుదరలేదు" అని అబద్ధమైనా చెబుతారు. మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన హర్షా భోగ్లేకి 2016లో ఆ ముక్క కూడా దక్కలేదండీ!

పందొమ్మిదేళ్ళకే ఆకాశవాణిలో మైకు పట్టిన మనిషి. టెస్టులు ఆడలేదు. ఉన్నదల్లా మాటకారితనమే. ఆ ఏడాది మార్చి 23న బెంగుళూరులో బంగ్లాదేశ్ మీద మనవాళ్ళు ఒక్క పరుగుతో గట్టెక్కారు. మనమంతా సంబరంలో ఉంటే, అమితాబ్ బచ్చన్ ట్విట్టర్‌లో ఓ చురక వేశారు... మన కామెంటేటర్లు పరాయివాళ్ళను వదిలి మనవాళ్ళ గురించి మాట్లాడితే బాగుంటుందని! పేరు మాత్రం ఎత్తలేదు. ధోనీ వంత పాడారు. ఇంగ్లీషు కామెంటరీ మన ఒక్కళ్ళకే కాదు కదా అని హర్ష మర్యాదగానే జవాబిచ్చారు.

ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలయ్యేముందు ఆయన పేరు గల్లంతు! బోర్డు కారణం చెప్పలేదు. తనకూ తెలీదని హర్షే అన్నారు. బచ్చన్‌గారి చురకే కారణమని నేననను, ఋజువేదీ? నా బాధల్లా వేరు. ఆ కామెంటేటర్లను పెట్టుకునేదీ బోర్డే, ఆట నడిపేదీ బోర్డే. ఇక బాగోలేని ఆటను బాగోలేదనేదెవరు? 2020లో సంజయ్ మంజ్రేకర్‌నీ బోర్డు పక్కన పెట్టింది.

హర్ష తర్వాత మళ్ళీ మైకు ముందుకొచ్చారు లెండి. ఆ సీజన్ మాత్రం నేను టీవీ సౌండు తగ్గించే చూశాను.