పాత్ర ఆటగాడిది, హక్కు కంపెనీది

2004 నవంబర్‌లో అమెరికాకు చెందిన మార్వెల్ సంస్థ ఒక విచిత్రమైన దావాతో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. తమ బొమ్మల కథల పుస్తకాలలోని వుల్వరిన్, హల్క్ పాత్రలను పోలిన పాత్రలను కంప్యూటర్ ఆటగాళ్లు తయారు చేసుకుంటున్నారని, అందుకు అవకాశం కల్పించిన కంపెనీలే బాధ్యత వహించాలని ఆ సంస్థ వాదించింది. దక్షిణ కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్, అమెరికాకు చెందిన క్రిప్టిక్ స్టూడియోస్ ప్రతివాదులు. అదే ఏడాది ఏప్రిల్‌లో విడుదలైన ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఇంటర్నెట్ ఆట వివాదానికి మూలం.

విచారణలో ఒక విశేషం బయటపడింది. సాక్ష్యంగా సమర్పించిన పాత్రలలో కొన్నింటిని మార్వెల్ తరఫువారే ఆటలో ప్రవేశించి తయారు చేశారని తేలడంతో న్యాయమూర్తి వాటిని రికార్డు నుంచి తొలగించారు. 2005 డిసెంబర్‌లో ఉభయ పక్షాలు రాజీకి వచ్చాయి. షరతులు వెల్లడి కాలేదు. పాత్రలను తయారు చేసుకునే విధానంలో మాత్రం మార్పు ఉండబోదని ప్రకటించారు. కేసు ముగిసినా అది లేవనెత్తిన ప్రశ్న మిగిలే ఉంది. అభిమాన పాత్ర ఎవరి సొత్తు? సృష్టించిన రచయితదా, హక్కులు కొన్న కంపెనీదా, ఏళ్ల తరబడి ఆ పాత్రను పోషించిన ఆటగాడిదా?

వేషం కట్టి ఆడే ఆట

ఈ ఆటల్లో ప్రవేశించే వ్యక్తి ముందుగా ఒక పాత్రను ఎంచుకుంటాడు. దానికి పేరు పెట్టి, రూపురేఖలు, దుస్తులు, ఆయుధాలు, శక్తులు నిర్ణయించుకుంటాడు. వేలాది మంది ఒకే కాల్పనిక లోకంలో కలుసుకుని, జట్లు కట్టి, రాక్షసులతో పోరాడి, వస్తువులు అమ్ముకుంటూ, కొనుక్కుంటూ తమ పాత్రలను పెంచుకుంటారు. ఒకరు కంప్యూటర్ కట్టేసి నిద్రపోయినా ఆ లోకం సాగుతూనే ఉంటుంది. ఒకే పాత్రతో ఐదారేళ్లు గడిపినవారు అరుదు కాదు.

ఈ క్రీడలకు పునాది సాహిత్యంలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టోల్కీన్ 1937లో ‘ది హాబిట్’, 1954-55లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ప్రచురించారు. మరుగుజ్జు వీరులు, విలుకాండ్రైన ఎల్ఫ్‌లు, మాంత్రికులు, ఓర్క్ అనే రాక్షస జాతి ఆ నవలల ద్వారా పాఠకుల మనసుల్లో పాతుకుపోయాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను రూపొందించినప్పుడు ఆ జాతులన్నీ అందులోకి వచ్చి చేరాయి. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ బొమ్మలు లేకుండా కేవలం అక్షరాలతో నడిచే ‘మడ్’ అనే ఆటను కంప్యూటర్‌లో ప్రవేశపెట్టారు. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆ బాటలోనే వచ్చాయి.

నవలలోని పాత్రపై మోజు ఆటలోకీ వెంట వస్తుంది. టోల్కీన్ సృష్టించిన విలుకాడు లెగోలాస్ పేరు పెట్టుకోవాలని ఎందరో ఆశపడతారు. ఒక పేరు ఒక్కరికే దక్కే ఆటల్లో మిగిలినవారు అక్షరం అటూ ఇటూ మార్చి సరిపెట్టుకుంటారు. 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ నవల ద్వారా పరిచయమైన డ్రిజ్ట్ అనే యోధుడికీ ఇదే ఆదరణ లభించింది. దుష్టులుగా పేరుబడిన జాతిలో పుట్టి, ఆ దుష్టత్వాన్ని కాదని వెళ్లిపోయిన వీరుడు కావడం వల్ల యువ పాఠకులు అతడిలో తమను చూసుకున్నారు.

అభిమానానికి హద్దులు గీసేది మాత్రం హక్కుదారులే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి ముద్రణల్లో హాబిట్ అనే మాట ఉండేది. టోల్కీన్ నవలల వ్యాపార హక్కులు కలిగినవారు అభ్యంతరం చెప్పడంతో 1970 దశకంలోనే దాన్ని తొలగించి ‘హాఫ్‌లింగ్’ అని మార్చవలసి వచ్చింది. పాత్ర మారలేదు, పేరు మాత్రమే మారింది.

ఊహాలోకంలో నిజమైన సొమ్ము

ఈ వ్యవహారాన్ని పిల్లల ఆటగా కొట్టిపారేయడానికి వీలులేదు. ఎవర్‌క్వెస్ట్ ఆటలోని నోరాత్ అనే కల్పిత దేశంలో వస్తువుల మారకం విలువను అమెరికన్ ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001లో లెక్కగట్టారు. ఆ లేని దేశపు తలసరి ఉత్పత్తి రష్యా, బల్గేరియాల నడుమ ఉన్నదని ఆయన తేల్చడం ఆర్థికవేత్తలను ఆశ్చర్యపరచింది. 2010 నాటికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చందాదారుల సంఖ్య 1 కోటి 20 లక్షలకు చేరింది. అమెరికాలో దీని నెలసరి చందా సుమారు 15 డాలర్లు. ఈ ఆటకు యజమాని అయిన యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటామని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలో ప్రకటించి, 2023 అక్టోబర్‌లో కొనుగోలు పూర్తి చేసింది. 2022లోనే టోల్కీన్ రెండు ప్రధాన నవలల సినిమా, ఆట హక్కులున్న సంస్థను స్వీడన్‌కు చెందిన ఎంబ్రేసర్ గ్రూప్ సొంతం చేసుకుంది.

కంపెనీలు చేతులు మారినప్పుడల్లా లక్షలాది ఆటగాళ్ల పాత్రలు కూడా ఆస్తుల జాబితాలో భాగంగా చేతులు మారుతున్నాయి. ఆటలో చేరేటప్పుడు అంగీకరించే ఒప్పందాల ప్రకారం ఆటగాడికి లభించేది సాధారణంగా వాడుకునే అనుమతి మాత్రమే. పాత్ర, దాని ఆయుధాలు, అది గడించిన సంపద అన్నీ కంపెనీ కంప్యూటర్లలోనే ఉంటాయి.

దీపం ఆర్పే అధికారం

దీని పర్యవసానం సిటీ ఆఫ్ హీరోస్ ఆటగాళ్లకు అనుభవంలోకి వచ్చింది. ఆటను మూసివేస్తున్నట్లు 2012 ఆగస్టు 31న ప్రకటన వెలువడింది. ఆటలోని అట్లాస్ పార్క్ అనే కూడలిలో ఆటగాళ్లు తమ తమ వేషాలతో కాగడాలు పట్టుకుని నిరసన ప్రదర్శన జరిపారు. ఫలితం లేకపోయింది. నవంబర్ 30న ఆట ఆగిపోయింది. ఎనిమిదేళ్లకు పైగా పెంచుకున్న పాత్రలు దానితోపాటే అదృశ్యమయ్యాయి.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ఆటను కొందరు అభిమానులు అనుమతి లేకుండానే రహస్యంగా నడుపుతున్నారని 2019లో వెల్లడైంది. తరువాత బహిరంగంగా పనిచేసిన ‘హోమ్‌కమింగ్’ అనే అభిమానుల బృందానికి ఎన్‌సీసాఫ్ట్ 2024 జనవరిలో అధికారికంగా అనుమతి మంజూరు చేసింది. ఆటలను మూసివేసేటప్పుడు వాటిని ఆడుకోదగిన స్థితిలో వదిలి వెళ్లాలని కోరుతూ ఐరోపాలో జరిగిన సంతకాల ఉద్యమం 2025 జులైలో 10 లక్షల సంఖ్యను దాటింది. డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు అది సొంతం కాదని, వాడుకునే అనుమతి మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలన్న చట్టం కాలిఫోర్నియాలో 2025లో అమలులోకి వచ్చింది.

మన పురాణ పాత్రల మాటేమిటి?

భారతదేశంలో పరిస్థితి కొంత భిన్నం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కులు ఉంటాయి. టోల్కీన్ 1973లో మరణించారు గనుక ఆయన జీవితకాలంలో ప్రచురితమైన రచనలపై హక్కు మనదేశంలో 2033తో ముగుస్తుంది. బ్రిటన్‌లో అది 2043 వరకు కొనసాగుతుంది. భీముడు, ఘటోత్కచుడు, సత్యభామలకు ఇటువంటి హక్కుదారులు లేరు. సత్యభామ వేషంతో స్థానం నరసింహారావు ఆంధ్రదేశమంతటా కీర్తి పొందారు. ఆ పాత్రను మరొకరు ధరించకూడదని కోర్టుకు వెళ్లగలవారు ఎవరూ లేరు.

ఇటువంటి ఉమ్మడి సొత్తుతో ఎంత సాధించవచ్చో చైనా చూపించింది. నలందలో చదువుకున్న హ్యుయాన్‌త్సాంగ్ భారత యాత్రను అద్భుత కథగా మలచిన 16వ శతాబ్దపు నవలలోని వానరరాజు ఆధారంగా రూపొందిన ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ 2024 ఆగస్టులో విడుదలై మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడుపోయింది. మనదేశంలో పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ హిందూ పురాణాల నేపథ్యంలో ‘రాజీ’ అనే ఆటను 2020లో విడుదల చేసి విదేశాలలోనూ గుర్తింపు పొందింది. ఈ రెండూ ప్రధానంగా ఒంటరిగా ఆడుకునేవే. వేలాది మంది కలిసి ఆడే లోకాన్ని నిర్మించడానికి, దాన్ని నిత్యం నడపడానికి ఇంతకంటే దీర్ఘకాలికమైన పెట్టుబడి కావాలి.

2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆటలను నిషేధించింది. పందెం లేకుండా, చందా కట్టి ఆడే సామాజిక ఆటలను ప్రోత్సహిస్తామని పేర్కొంది. పందెం లేని పాత్రధారణ ఆటలకు ఇది అనుకూలమే. అయితే ఆటగాడు తీర్చిదిద్దిన పాత్రపై అతడికి ఏ హక్కు ఉంటుందన్న విషయం ఆ చట్టం పరిధిలోకి రాదు. పురాణ పాత్రకు యజమాని లేకపోయినా ఆ పాత్రతో తయారైన ఆటకు యజమాని ఉంటాడు. ఆట ఆగిపోతే ఎంత ముందుగా తెలియజేస్తారు, చెల్లించిన చందా ఏమవుతుంది, పెంచుకున్న పాత్ర వివరాలైనా చేతికిస్తారా అన్న మూడు అంశాలు ఒప్పందంలో ఉన్నాయో లేవో పేరు నమోదు చేసుకునే ముందే చూసుకోవడం ప్రస్తుతానికి ఆటగాడికి ఉన్న రక్షణ.